సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి పోతున్నారా? పొద్దున్నే పోండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే

దసరాకు సింగరేణి లాభాల వాటా, దీపావళికి బోనస్. మందమర్రిలో ఈ రెండు పండుగల మధ్య వాట్సాప్ గ్రూపుల్లో పిండివంటల ఫొటోల కంటే కార్ల ఫొటోలే ఎక్కువ తిరుగుతాయి. "స్విఫ్ట్ డీజిల్, 2014, సింగిల్ ఓనర్, షోరూం కండిషన్, ఫైనల్ 3.20" అని ఒక మెసేజ్, కింద నాలుగు ఫొటోలు. నాలుగింట్లోనూ బానెట్ మీద నీటి చుక్కలు మెరుస్తుంటాయి. అప్పుడే కడిగి తీశారన్నమాట. గంట తర్వాత అదే బండి బెల్లంపల్లి గ్రూపులో 3.40కి కనిపిస్తుంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. ఊరికి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "తమ్మీ, ఒక బండి చూసినం, నువ్వు కూడ ఒకసారి రా" అంటారు. ఇంజనీరింగ్ చదివినోడికి ఇంజన్ తెలుస్తుందని వాళ్ల నమ్మకం. నేను చదివింది కంప్యూటర్ సైన్స్ అని చెప్పినా ఎవరూ వినరు. అట్లా తిరగ్గా తిరగ్గా అర్థమైందేంటంటే, మెకానిక్ పని రాకపోయినా నా ఉద్యోగంలో చేసే పనే ఇక్కడా పనికొస్తుంది. సర్వర్ ఎందుకు ఆగిపోయిందో ఎవరినైనా అడిగితే "ఏమో, బాగానే ఉండె" అంటారు. మేం ఆ మాట వినం, లాగ్స్ తీస్తాం. ఒక లాగ్‌లో ఉన్న టైమ్ ఇంకో లాగ్‌తో కలుస్తోందా అని చూస్తాం. కలవని చోటే అసలు సంగతి ఉంటుంది.

పాత కారుకూ లాగ్స్ ఉంటాయి. ఆర్సీ ఒకటి, ఇన్సూరెన్స్ పాలసీ ఒకటి, టైరు మీద నంబర్ ఒకటి, పెడల్ రబ్బరు ఒకటి. అమ్మే అన్న చెప్పే కథ, ఈ లాగ్స్ చెప్పే కథ ఒకటేనా కాదా అని చూడటమే మనం చేయాల్సింది. అందంగా ఉందా లేదా అన్నది తర్వాత.

ఎందుకింత తిప్పలంటే, రెండు మూడు లక్షలకు కారు కొనే ఇంట్లో ఆ డబ్బు మామూలుగా ఒక్కసారే వస్తుంది. లాభాల వాటాకు చిట్టీ ఎత్తిన డబ్బు కలిపితేనో, నాయిన రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లోంచి తీస్తేనో ఆ మొత్తం అవుతుంది. ఇంజన్ బోర్‌కు వచ్చిందంటే మోడల్‌ను బట్టి నలభై యాభై వేలు, డీజిల్ అయితే ఇంకా పైనే. బండి రేటులో ఆరో వంతు మొదటి ఆర్నెల్లలోనే పోయినట్టు. పైగా ఈ కారు కొనేది సినిమాకు పోవడానికి కాదు కదా. రాత్రి రెండింటికి అమ్మకు ఆయాసం వస్తే మంచిర్యాలకో కరీంనగర్‌కో తీసుకుపోవాలి, అప్పుడు స్టార్ట్ కావాలి.

నిమ్మకాయల బజార్

అమెరికాలో కొన్నాక తలనొప్పి తెచ్చే కారును 'లెమన్' అంటారు, అంటే నిమ్మకాయ. మనం కొత్త బండి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం, వాళ్లేమో బండినే నిమ్మకాయ చేసేశారు. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఈ నిమ్మకాయల మార్కెట్ మీదే ఒక వ్యాసం అచ్చువేయించాడు. అంతకుముందు మూడు పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. 2001లో ఆయనకు, మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

ఆయన చెప్పింది మన గ్రూపులకు అచ్చంగా సరిపోతుంది. బండి ఎలాంటిదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి మంచి బండికి కూడా కొనేవాడు అటూఇటూ కాని సగటు రేటే ఇస్తానంటాడు. ఆ రేటుకు మంచి బండి ఓనర్‌కు మనసొప్పదు. అమ్మకుండా ఉంచుకుంటాడు, లేకపోతే బావమరిదికి ఇస్తాడు. అట్లా మంచివి బజారుకు రావడం తగ్గి, తేడా బండ్ల వాటా పెరుగుతుంది.

మందమర్రిలో ఇది రోజూ కళ్ల ముందు జరిగేదే. బాగా చూసుకున్న బండి గ్రూపులోకి రాదు, క్వార్టర్ల లైన్లోనే చేతులు మారుతుంది. రిటైరై సొంతూరికి పోయే పెద్దమనిషో, ట్రాన్స్‌ఫర్ మీద కొత్తగూడెం పోయే ఆయనో పక్కింట్లో చెప్తాడు, వారంలో అయిపోతుంది. కాబట్టి ముందు అక్కడ వెతకండి. నాయిన షిఫ్ట్‌లో నలుగురికి చెప్పించండి, అమ్మతో లైన్లో అడిగించండి. బయటి బండి అయితే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే ఉండాలి: ఎందుకు అమ్ముతున్నారు? "పెద్ద బండి తీస్కున్నం" అంటే ఆ పెద్ద బండి ఇంటి ముందు ఉండాలి. లేకపోతే ఎక్కడుందో అడగండి.

ఇంట్లో కూర్చుని తేల్చేవి

బండి దగ్గరికి పోకముందే నంబర్ అడగండి. ఫొటోలో ప్లేట్ మీద స్టిక్కర్ పెట్టడం మామూలే, అడిగితే కూడా ఇవ్వకపోతే ఇంకో బండి చూసుకోవచ్చు. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, మోడల్, ఫ్యూయల్, ఇన్సూరెన్స్ గడువు, ఫిట్‌నెస్ గడువు వస్తాయి. ఎన్నో ఓనరో, ఫైనాన్స్ ఉందో లేదో ఆర్సీ చెప్తుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్, ఫిట్‌నెస్ పరీక్ష. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ ఫీజు ఐదు వేలకు పెరిగింది. 2011 మోడల్ "లక్షన్నరకే వస్తుంది" అని ఎవరైనా మురిసిపోతుంటే ఈ లెక్క కూడా చెప్పండి.

నంబర్ సిరీస్ కూడా కొంత కథ చెప్తుంది. ఏపీ 01, టీఎస్ 01 అంటే ఉమ్మడి ఆదిలాబాద్ బండి. 2016 అక్టోబర్‌లో మంచిర్యాల జిల్లా అయ్యాక టీఎస్ 19 వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ 19. ఈ బండ్లకు ఒక లాభం ఉంది, ఎవరు నడిపారో, ఏ మెకానిక్ దగ్గర చేయించారో ఇద్దరు ముగ్గురిని అడిగితే తెలిసిపోతుంది. ఎంహెచ్ 34 అయితే చంద్రాపూర్ నుంచి వచ్చింది. డీఎల్ నంబర్ అయితే ఇంకో కథ. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి అక్కడి నుంచి తక్కువ రేటుకు ఇటు వస్తుంటాయి. ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, ఆఫీసు చుట్టూ తిరుగుడు అన్నీ కలిపితే ఆ చౌక చాలావరకు పోతుంది.

ఇప్పుడు ఎవరూ పెద్దగా చూడని కాగితం: ఇన్సూరెన్స్ పాలసీ. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక శాతం ఉంటుంది. ఏడాదిపాటు క్లెయిమ్ చేయకపోతే 20, తర్వాత 25, 35, 45, ఐదేళ్లు వరుసగా చేయకపోతే 50. "చిన్న గీత కూడ పడలే అన్నా" అంటున్న బండి పాలసీలో ఆ చోట సున్నా ఉందనుకోండి. గత ఏడాది క్లెయిమ్ అయినా జరిగుండాలి, పాలసీ గడువు దాటి చాన్నాళ్లు వదిలేసైనా ఉండాలి, ఓనర్ అయినా మారి ఉండాలి. మూడింట్లో ఏదో అడగండి. అలాగని 50 ఉంటే బండికి దెబ్బే తగల్లేదని కాదు, సొంత డబ్బుతో బాగు చేయించుకుని ఉండొచ్చు. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే అందులో ఈ బోనస్ ఉండదు, పాత పాలసీలు అడగాలి.

చలాన్లు తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో చూసుకోవచ్చు. ఒక చిట్కా: చలాన్ ఎక్కడ పడిందో చూడండి. బండి ఎప్పుడూ మందమర్రి దాటలేదని చెప్తూ, శంషాబాద్ రోడ్డులో వరుసగా ఓవర్ స్పీడ్ చలాన్లు ఉంటే అది ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు కొట్టిన బండి అయ్యుండొచ్చు. ఎల్లో బోర్డు నుంచి వైట్ బోర్డుకు మారిన బండ్లు కూడా బజార్లో ఉంటాయి. మార్చుకోవడం చట్టబద్ధమే, దాచి అమ్మడమే తప్పు.

పొద్దున ఏడు గంటలకు

ఇన్ని పరీక్షల్లో ఒక్కటే చేసే ఓపిక ఉంటే, ఇది చేయండి. ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి: "అన్నా, రేపు పొద్దున ఏడింటికి వస్తం, మేం వచ్చేదాక బండి స్టార్ట్ చెయ్యకు." పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉందా? "బ్యాటరీ వీక్ అవుద్దేమో అని ఒకసారి తిప్పిన" అంటారు. నిజమే కావచ్చు. అయినా చాయ్ తాగి వచ్చేయండి, ఇంకో పొద్దున పోండి. అరిగిన ఇంజన్, వీక్ అయిన డీజిల్ ఇంజెక్టర్లు, సాగిన టైమింగ్ చైన్, ఇవన్నీ వేడి మీద మంచిగా నటిస్తాయి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌కు ఆ అవకాశం తక్కువ.

తాళం తిప్పకముందు బానెట్ ఎత్తండి. ఇంజన్ తళతళ మెరుస్తుంటే సంతోషించకండి. నిన్ననే డీజిల్ కొట్టి కడిగితే ఆయిల్ లీకులు కనిపించవు. కాస్త దుమ్ము పట్టిన ఇంజనే నాకు నయం అనిపిస్తుంది, ఎక్కడ తడి ఉందో దుమ్ము చెప్పేస్తుంది. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి తీయండి. డీజిల్ బండిలో ఆయిల్ నల్లగా ఉండటం తప్పు కాదు. లెవల్ కింది గీతకు కూడా అందకపోవడం తప్పు. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయి, హెడ్ గాస్కెట్ పని. ఆయిల్ పోసే మూత కూడా విప్పి లోపలి వైపు చూడండి, అదే రంగు జిగట అక్కడ కనిపించవచ్చు.

తర్వాత కూలెంట్. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల పచ్చగానో ఎర్రగానో గులాబీగానో కూలెంట్ కనిపించాలి. మన వైపు చాలా బండ్లలో కూలెంట్ బదులు బోరు నీళ్లుంటాయి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊర్లో ఇది చిన్న విషయం కాదు. కూలెంట్ మామూలు నీళ్ల కంటే ఎక్కువ వేడిలో మరుగుతుంది, తుప్పునూ ఆపుతుంది. బోరు నీటిలో ఉప్పు రేడియేటర్ సందుల్లో పేరుకుంటుంది. తుప్పు రంగు నీళ్లు కనిపించాయంటే ఆ ఇంజన్ ఒక్కసారైనా ఓవర్ హీట్ అయ్యిందేమో అని అనుమానించాలి.

ఇప్పుడు తాళం సగం తిప్పండి, స్టార్ట్ చేయొద్దు. మీటర్‌లో ఇంజన్ లైట్, ఆయిల్ లైట్, ఎయిర్‌బ్యాగ్ లైట్, ఏబీఎస్ లైట్, ఏవి ఉంటే అవి అన్నీ వెలగాలి. స్టార్ట్ చేశాక ఒక్కొక్కటీ ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే సమస్య ఉంది. అసలు వెలగకపోతే ఇంకా పెద్ద సమస్య, ఎవరో ఆ బల్బునే తీసేసి ఉండొచ్చు. ఈ రెండో సంగతి చాలామంది గమనించరు.

స్టార్ట్ అయిన మొదటి రెండు మూడు సెకన్లు ఎవరూ మాట్లాడొద్దు. ఇనుప గొలుసు డబ్బాలో ఊపినట్టు గలగల వినిపిస్తే టైమింగ్ చైన్. మీ దోస్తును సైలెన్సర్ వెనక నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నలుపైతే ఫ్యూయల్ ఎక్కువ పోతోంది, లేదా గాలి సరిగ్గా అందట్లేదు. చలికాలంలో తెల్లని ఆవిరి ఒకటి రెండు నిమిషాలు మామూలే, ఇంజన్ వేడెక్కినా ఆగకుండా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ కాలుతున్నట్టు. ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి. సన్నగా ఆవిరి వస్తే పర్వాలేదు, మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పున వస్తే పిస్టన్ రింగులు అరిగాయి. మెకానిక్‌లు బోర్‌కొచ్చింది అనేది దీన్నే.

కిలోమీటర్ల లెక్క

డిజిటల్ మీటర్లో అంకెలు మార్చడం అరగంట పని. అందుకే మీటర్ చెప్పే అంకెను ఒక ఆరోపణలాగే చూడాలి, సాక్ష్యాలు వేరే చోట వెతకాలి. టైరు పక్కన నాలుగంకెల తయారీ నంబర్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ, స్టెప్నీతో సహా చూడండి. చిన్న కారు టైర్లు మామూలుగా నలభై, యాభై వేల కిలోమీటర్లు వస్తాయి. 2014 బండి, మీటర్ 41 వేలు, టైర్లేమో 2021వి, అవి కూడా అరిగి గీతల మట్టానికి వచ్చేశాయి. అంటే మొదటి సెట్ అరిగిపోయి, రెండోది కూడా అయిపోతోంది. లెక్క 41 వేలకు ఎట్లా వస్తుంది? ఆగి ఆగి టైర్లు పగుళ్లు పట్టి మార్చారు అనే జవాబు ఒకటి ఉంది, సరే. అయితే రెండో సెట్ ఎందుకు అరిగింది?

స్టీరింగ్ నున్నగా అయిందా, క్లచ్ పెడల్ రబ్బరు గీతలు పోయాయా, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు కుంగిందా చూడండి. కొత్త సీటు కవర్లు, కొత్త పెడల్ రబ్బర్లు, పాత బండి, తక్కువ కిలోమీటర్లు... ఈ నాలుగూ ఒకే చోట కలిస్తే కాస్త ఆగండి. బానెట్ లోపల, లేకపోతే డోర్ సందులో ఆయిల్ మార్చినప్పుడు మెకానిక్ పెట్టిన కార్డో స్టిక్కరో ఉంటుంది. అమ్మేవాళ్లు మీటర్ మారుస్తారు గానీ దీన్ని పీకేయడం మర్చిపోతుంటారు. "తర్వాతి సర్వీస్ 96,000" అని పెన్నుతో రాసున్న కార్డు, మీటర్‌లో 58 వేలు. ఇట్లాంటి చోట వాదన అక్కర్లేదు, ఫోన్‌తో ఒక ఫొటో తీసి నవ్వుతూ వచ్చేయొచ్చు.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేయించిన బండి అయితే ప్రతి సర్వీస్ నాటి రీడింగ్ వాళ్ల సిస్టమ్‌లో ఉంటుంది. ఓనర్‌ను వెంటబెట్టుకుని పోయి అడిగించుకోండి. వచ్చేందుకు ఓనర్ వెనకాడితే అది కూడా ఒక జవాబే.

నీళ్లల్లో మునిగిందా, ఎక్కడైనా తగిలిందా

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీల్లో కార్లు పడవల్లా కొట్టుకుపోయిన వీడియోలు అందరం చూశాం. 2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాల కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడను బుడమేరు, ఖమ్మంను మున్నేరు ముంచాయి. ఆ బండ్లలో కొన్ని తుక్కుకు పోయాయి. కొన్ని ఎండబెట్టి, సెంటు కొట్టి, కొత్త కార్పెట్ వేసుకుని మళ్లీ బజారుకు వచ్చి ఉంటాయి. మునిగిన బండి ఆ రోజు బాగానే నడుస్తుంది. వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి తుప్పు మెల్లగా పట్టి, ఏడాదికో రెండేళ్లకో ఒక్కో లైటు, ఒక్కో సెన్సర్ పోవడం మొదలవుతుంది. మెకానిక్‌కు కూడా ఓ పట్టాన చిక్కదు.

సీటు బెల్టును చివరిదాకా మొత్తం బయటికి లాగండి. సీట్లు ఉతుకుతారు గానీ బెల్టు లోపలి చుట్టను ఎవరూ ఉతకరు, బురద గీత అక్కడ ఉంటుంది. సీటు కింద పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంతలో మూలలు, డ్యాష్‌బోర్డ్ కింద చెయ్యి పెడితే తగిలే ఒండ్రు మట్టి, ఇవి చూడండి. ఏసీ వేసి అద్దాలు మూసి ఐదు నిమిషాలు కూర్చోండి. తడి గోనెసంచి వాసన సెంటు వెనక నుంచి మెల్లగా బయటికి వస్తుంది.

యాక్సిడెంట్ సంగతికొస్తే, బంపర్ మార్చినంత మాత్రాన బండి చెడ్డది కాదు. మన రోడ్ల మీద పదేళ్లు తిరిగిన బండికి టింకరింగ్ పని ఉండనే ఉంటుంది. చూడాల్సింది లోపలి అస్థిపంజరం. బానెట్ ఎత్తి రెండు పక్కల ఆప్రాన్లు పోల్చండి, ఒకటి కంపెనీ వెల్డింగ్ చుక్కలతో, ఇంకోటి చేతి వెల్డింగ్ గడ్డలతో ఉంటే పెద్ద దెబ్బే. డోర్ రబ్బర్లు లాగి పిల్లర్లు చూడండి. బానెట్, డోర్ బోల్టుల మీద పెయింట్ ఊడి స్పానర్ గుర్తులు కనిపిస్తే ఎప్పుడో విప్పారు. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం పట్టుకుపోతే పుట్టీ మందంగా వేసిన చోట అది అంటుకోదు. అద్దాల మూలలో చిన్న అక్షరాల్లో తయారీ ఏడాది గుర్తుంటుంది, ఐదు ఒక తీరుగా ఉండి ఒకటి వేరేగా ఉంటే ఆ వైపు ఇంకోసారి చూడండి.

కింద చూడాలంటే మన ఊర్లో సులువైన దారి వాటర్ సర్వీసింగ్ సెంటర్. ర్యాంప్ మీదికి ఎక్కించమనండి, నీళ్లు కొట్టకముందే టార్చ్ వేసి చూడండి. వందో రెండొందలో ఖర్చు.

మన రోడ్లు, మన బొగ్గు

టెస్ట్ డ్రైవ్ అంటే బజార్లో ఒక రౌండ్ కాదు. బొగ్గు టిప్పర్లు తిరిగి గుంతలు పడ్డ రోడ్డులో ఒకసారి, హైవే మీద బెల్లంపల్లి వైపు ఒకసారి తీసుకుపోవాలి. గుంతల రోడ్డులో అద్దాలు దించి, పాటలు ఆపి, పది ఇరవై స్పీడ్‌లో పోండి. ముందు నుంచి టకటక వస్తే లింక్ రాడ్లో, బాల్ జాయింట్లో, స్ట్రట్ మౌంట్లో. ఇవి మన వైపు బండ్లలో తొందరగా పోయేవే, భయపడాల్సిన పని లేదు, రేటులో తగ్గించుకోవాలి. హైవేలో ఎనభై దగ్గర స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్ కావచ్చు, వంగిన రిమ్ కావచ్చు. వెనక ఎవరూ లేనప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కితే బండి ఒక పక్కకు లాగకూడదు. క్లచ్ దాదాపు పూర్తిగా వదిలాక గానీ బండి కదలట్లేదంటే క్లచ్ ప్లేట్లు అయిపోవచ్చాయి.

బొగ్గు దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను తొందరగా మూసేస్తుంది, రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ మీద కూడా పేరుకుంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవడానికి రెండు క్లిప్పులు చాలు. ఫిల్టర్ నల్లగా ఉంటే మార్చుకోవచ్చు. ఫిల్టర్ దాటి ఇంజన్ వైపు పైపులో కూడా దుమ్ముంటే ఆ దుమ్ము సిలిండర్లను అరగదీసింది. డ్రైవ్ అయ్యాక మిట్టమధ్యాహ్నం ఎండలో ఏసీ వేసి పదిహేను నిమిషాలు ఆగి ఉన్న చోటే ఇంజన్ నడవనివ్వండి. ఫ్యాన్ తిరగాలి, ఆగాలి. టెంపరేచర్ గేజ్ సగం దాటకూడదు. పొద్దున చల్లటి స్టార్ట్, మధ్యాహ్నం ఈ ఎండ పరీక్ష, రెండూ పాసైతే ఆ బండి మీద నాకు సగం నమ్మకం వచ్చేస్తుంది.

ఏ బండి, ఏ ఇంజన్

బ్రాండ్ గొడవల్లోకి ఎక్కువ పోను. మందమర్రికి పదిహేను కిలోమీటర్ల లోపు మంచిర్యాలలో పార్ట్ దొరుకుతుందా అన్నదే నాకు ముఖ్యం. మారుతి, హ్యుందాయ్‌లకు దొరుకుతుంది, చేతిలో పెట్టే మెకానిక్ ప్రతి గల్లీలో ఉన్నాడు. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఫిగో నడపడానికి ఎంత బాగుంటుందో నాకూ తెలుసు. కానీ ఒక సెన్సర్ కోసం హైదరాబాద్ నుంచి పార్సిల్ ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చునే ఓపిక ఇంట్లో అందరికీ ఉండదు.

ఒకే కంపెనీలో కూడా ఇంజన్ తేడా ఉంటుంది. ఆల్టో 800లోని 796 సీసీ ఇంజన్‌కు టైమింగ్ బెల్ట్, ఆల్టో కే10లోని కే సిరీస్ ఇంజన్‌కు చైన్. పాత ఐ10లో 1.1 ఇంజన్‌కు బెల్ట్, 1.2 కప్పాకు చైన్. బెల్ట్‌ను కంపెనీ చెప్పిన దూరానికి మార్చాలి. నడుస్తుండగా తెగిందంటే బండి అక్కడే ఆగిపోతుంది. మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకోండి.

చౌకగా దొరుకుతున్నాయని అందరూ డీజిల్ స్విఫ్ట్ వెనక పడుతుంటారు. మారుతి 2020 ఏప్రిల్‌తో డీజిల్ ఆపేసింది కాబట్టి ఇవన్నీ అంతకుముందువే. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు సరే. క్వార్టర్ నుంచి బాయికి, బాయి నుంచి మార్కెట్‌కు రోజూ ఆరు కిలోమీటర్లు తిరిగే ఇంటికి డీజిల్ ఎందుకో నాకైతే అర్థం కాదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఇల్లొచ్చేస్తుంది, ఈజీఆర్ వాల్వ్‌లో మసి పేరుకుంటుంది. ఒక్కసారి టర్బోనో ఇంజెక్టర్లో పోతే పెట్రోల్, డీజిల్ మధ్య మిగిల్చిన డబ్బంతా ఒక్క బిల్లుతో పోతుంది. పెట్రోల్‌లోనూ ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, పదేళ్ల కిందటి బండ్లు దానికోసం తయారు చేసినవి కావు. ఫ్యూయల్ పైపుల రబ్బరు పగిలిందా, పెట్రోల్ వాసన వస్తోందా చూసుకోండి.

నమ్మకం అంటే ఆగిపోకుండా నడవడం ఒక్కటే కాదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014 జనవరిలో మన దేశపు బేసిక్ మోడళ్లను గోడకు గుద్ది చూసినప్పుడు ఆల్టో 800, ఐ10, నానో, ఫిగో, పోలో అన్నింటికీ పెద్దవాళ్ల రక్షణలో సున్నా స్టార్లే వచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్, జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. బడ్జెట్ అంచున ఉంటే, 2014 టాప్ మోడల్ కంటే 2019 తర్వాతి చిన్న మోడల్‌కే నా ఓటు.

ఫోన్‌లో ఇంజన్ లాగ్స్

స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ అని ఒక సాకెట్ ఉంటుంది. కొన్ని వందలకు దొరికే బ్లూటూత్ అడాప్టర్ దానికి పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే ఇంజన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు వస్తాయి. పీ 0300 అంటే మిస్‌ఫైర్, పీ 0420 అంటే సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పని చేయట్లేదు. అసలు మజా కోడ్లు లేనప్పుడు ఉంటుంది. కోడ్లు చెరిపేశాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బండ్లు గుర్తుపెట్టుకుంటాయి. "ఏ ప్రాబ్లమ్ లేదన్నా" అన్న బండిలో అది 4 కిలోమీటర్లు అని చూపిస్తే, నిన్న సాయంత్రమే ఎవరో చెరిపారు. బ్యాటరీ తీసి పెట్టినా అట్లా కావచ్చు, ఎందుకు తీశారో అడగండి. చౌక అడాప్టర్లు అన్ని బండ్లకూ పని చేయవు, బాగా పాత వాటికి అసలే చేయవు. ఇది చేతి పరీక్షలకు తోడు మాత్రమే.

చివరికి ఒక మెకానిక్‌ను తీసుకుపోవాలి. మీ మెకానిక్‌ను, వాళ్లు చూపించిన ఆయన్ను కాదు. బండి కొన్నా కొనకపోయినా వెయ్యి, పదిహేను వందలు ముందే ఇచ్చేయండి. బేరం కుదిరితేనే కమీషన్ వచ్చే మనిషికి బేరం కుదరడమే బాగనిపిస్తుంది, ఇందులో ఆయన్ని అనాల్సిందేం లేదు.

రేటు మాట్లాడేటప్పుడు

మీరు రాసుకున్న లోపాలన్నింటికీ రేట్లు వేయండి. నాలుగు టైర్లు సుమారు పదిహేను వేలు, బ్యాటరీ నాలుగైదు వేలు, క్లచ్ ఎనిమిది పది వేలు, సస్పెన్షన్ చిల్లర పనులు ఐదారు వేలు. మూడు లక్షల బండి నిజానికి మూడు లక్షల ముప్పై అయిదు వేలు అని అప్పుడు తెలుస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గి, ఎంట్రీ మోడళ్ల షోరూం ధరలు నాలుగు లక్షల లోపలికి వచ్చాయి. ఆరేళ్ల పాత బండికి మూడున్నర అడిగితే ఈ మాట గుర్తుచేయండి. రిపేర్ చేయించి ఇస్తానంటే వద్దనండి, ఆ డబ్బు తగ్గించమనండి. అమ్మే బండికి ఎవరూ మంచి పార్ట్ వేయరు.

టోకెన్ ఇచ్చేటప్పుడు తేదీ, మీటర్ రీడింగ్, ఫైనాన్స్ క్లియర్ చేసి ఇచ్చే బాధ్యత, పాత చలాన్లు ఎవరు కట్టాలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ బండి మీద, ఆర్సీ మీద ఒకటే ఉన్నాయా స్వయంగా పోల్చండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంక్ ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక ట్రాన్స్‌ఫర్‌ను మీరే పెట్టించండి, "తర్వాత చూద్దాం" అని వదిలేయొద్దు. బండి ఎవరి పేరు మీద ఉంటే యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి తెలివైన అమ్మకందారు కూడా మీకంటే ముందే తొందరపడతాడు. పద్నాలుగు రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పాలసీ మీ పేరుకు మార్పించండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టాల్సి ఉంటుంది.

బండి ఇంటికి వచ్చిన వారంలోనే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చండి. బోరు నీళ్లు ఉంటే మొత్తం తీయించి కూలెంట్ పోయించండి, బ్రేక్ ఆయిల్ కూడా. బెల్ట్ ఇంజన్ అయితే బెల్ట్ కూడా అప్పుడే మార్పించి, బిల్లు మీద మీటర్ రీడింగ్ రాయించుకుని పెట్టుకోండి.